ఐదు కుడుకలు, రెండున్నర గంటల విమానం

నిన్న రాత్రే తిరిగొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు, ఉన్నప్పుడే రాసేస్తున్నా.

అక్కావాళ్లుండేది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు. హైదరాబాద్ నుంచి గాల్లో దాదాపు 1,660 కిలోమీటర్లు, ఢిల్లీ కంటే దూరం. నేరుగా వెళ్లే విమానమైతే రెండున్నర గంటలు. చెన్నైలో ఓడ ఎక్కితే సముద్రం మీదే రెండున్నర రోజులు. మనవాళ్లకి పర్మిట్ గొడవ లేదు. టికెట్లు, వెబ్ చెక్-ఇన్ పది నిమిషాల్లో ఫోన్లోనే కానిచ్చాను. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి, ఆ తర్వాత చెప్పుకోవడానికేమీ లేదు.

అక్కకి ఒడిబియ్యం పోయాలని అమ్మ బయల్దేరింది. బియ్యం, పసుపు కొమ్ములు, వక్కలు, ఖర్జూరాలు, రవికె ముక్కలు, ఐదు కుడుకలు (ఎండు కొబ్బరి చిప్పలు), పైన పట్టుచీర. 15 కిలోలు దాటకూడదని ఇంట్లో మూడుసార్లు తూచాను. నా టెన్షనంతా బరువు గురించే. కౌంటర్లో అమ్మాయి గడగడా ఇంగ్లీషులో ఏవేవో ఉన్నాయా అనడిగింది. పవర్ బ్యాంక్ అన్నది వినపడింది, లేదన్నాను. అందులో డ్రై కోకోనట్ కూడా ఉందని తర్వాత తెలిసింది.

ఇడ్లీ తింటుంటే మైకులో అమ్మ పేరు. కిందికి తీసుకెళ్లారు. బల్ల మీద మా సూట్‌కేస్. "ఖోప్రా హై క్యా?" అన్నాడు గ్లౌజులేసుకున్నాయన. అమ్మ చేతే తాళం తీయించి, చీర పక్కన పడేసి, రవికె ముక్కలు విప్పి, బియ్యం మూటలో చెయ్యి పెట్టి కెలికాడు. దేవుడి ముందు పెట్టి కట్టిన మూట అది. కుడుకలు ఒక్కోటే తీసి పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. డబ్బాలో అప్పటికే సగానికి ఎండు కొబ్బరే, అంటే మాలాంటివాళ్లు రోజూ తగులుతున్నారన్నమాట.

"కుడుకలు లేకుంటే ఒడిబియ్యం ఎట్లయితది బిడ్డా?" అంది అమ్మ ఆయనతో. ఆయనకి తెలుగు రాదు, నా వైపు చూశాడు. నేనేం చేశాను? "నువ్వూరుకోమ్మా" అన్నాను, అందరి ముందూ. ఆయన కెలికినదానికంటే ఇదే ఇప్పటికీ గుచ్చుతోంది.

రూల్ తప్పని అనను. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కితే అంటుకునే గుణం ఉంది. కానీ ఆ ముక్క కౌంటర్ దగ్గర పెద్ద తెలుగక్షరాల్లో రాసిపెడితే వాళ్ల సొమ్మేం పోయింది? పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే పెట్టె తెరిచి చూసుకోండి. కౌంటర్లో ఏమడుగుతున్నారో అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగండి, నాలాగా తలూపకండి.

విమానంలో రెండున్నర గంటలూ అమ్మ నాతో మాట్లాడలేదు. కింద నీళ్లు, నీళ్లు, చివర్లో పచ్చటి దీవులు. దిగి బయటికొస్తే ఎటు చూసినా కొబ్బరి చెట్లే.

అక్కడ ఐదున్నరకే చీకటి. బావ మమ్మల్ని గబగబా అబెర్డీన్ బజార్‌కి తీసుకెళ్లాడు. కొట్టాయన మా మాటలు విని "ఏ ఊరండీ మీది?" అన్నాడు, శ్రీకాకుళం యాసలో. అమ్మ ఐదు చిప్పలు ఏరి, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మనయే మంచిగుండె" అంది నాకేసి చూడకుండానే.