ఎక్కినవాళ్లను దింపేశావేం?

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని మన తెలుగు బడిలో నేను మూడో తరగతి చదివే రోజుల్లో, నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు కూత తరగతి గదిలోకి వినిపించేది. 1900లో మన ఊరిదాకా వేసిన ఆ రెండున్నర అడుగుల పట్టాల దారి 1931 నాటికి గుణుపురం చేరిందని పెద్దయ్యాక తెలిసింది గాని, అప్పట్లో మాకది లెక్కల బండి. కూడిక, తీసివేత ఒకే లెక్కలో కలిసి వచ్చినప్పుడల్లా మా మేస్టారు ఆ బండినే నల్లబల్ల మీద గీసేవారు.

ఆయన ఇచ్చిన మొదటి లెక్క నాకింకా గుర్తుంది. నౌపడాలో 20 మంది ఎక్కారు, టెక్కలిలో 8 మంది దిగారు, 5 మంది ఎక్కారు, బండిలో ఇప్పుడెందరు? నేను 20 − 8 + 5 అని సరిగానే రాసుకుని, ముందు 8, 5 కలిపేసి, వచ్చిన 13ను 20లోంచి తీసి, 7 అంటూ అందరికంటే ముందు పలక ఎత్తాను. మేస్టారు తప్పని అనలేదు. బల్ల మీద 20 చింతపిక్కలు పోసి, నాచేత 8 పక్కకు తీయించి, మరో 5 నా గుప్పిట్లో పెట్టారు.

"వీళ్లు టెక్కలిలో ఏం చేశారు?"

"ఎక్కారండీ."

"మరి ఎక్కినవాళ్లను నువ్వు దింపేశావేం?"

తరగతంతా గొల్లుమంది. గుప్పిట్లోవి కుప్పలో వేసి లెక్కపెడితే 17 తేలాయి.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన ప్రతి అంకెనూ దాని ముందున్న గుర్తుతో కలిపి సున్నా చుట్టించారు. తీసివేత గుర్తు తన పక్కనున్న ఒక్క అంకెకే చెందుతుందని, ఆపై వచ్చేవాటి మీద దానికి అధికారం లేదని మాకు అలా తెలిసింది. అది తెలిశాక 18 − 7 + 5 − 4 వంటి లెక్కను వరుసగా ఎడమ నుంచి చేసినా, ఎక్కినవాళ్లను 23గా, దిగినవాళ్లను 11గా విడివిడిగా పోగుచేసి తీసినా 12 ఒకటే వచ్చేది. పై తరగతుల్లో, ఏ లెక్క ముందు చెయ్యాలో చెప్పే బోడ్‌మాస్ సూత్రంలో తీసివేతకంటే కూడిక పేరు ముందు వస్తుంది కాబట్టి కూడికే ముందు చెయ్యాలనుకుని పొరబడిన తోటివాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ పిక్కలు గుర్తుకొచ్చేవి.

ఒకసారి 6 − 9 + 7 ఇచ్చారు. ఆరుగురున్న బండిలోంచి తొమ్మిది మంది ఎలా దిగుతారని మేము ఎదురు తిరిగితే, సంతరోజు పాతపట్నంలో ఎక్కేవాళ్లు దిగేవాళ్ల కోసం ఆగుతారా అని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. మేస్టారు నవ్వి, ముందు 7 కలపనిచ్చారు. జవాబు 4.

అంకెల లెక్కలకంటే మాటల లెక్కలే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టాయి. వీధిలో ఒడియా పిల్లలతో ఆడుకుంటూ కూడికను మిశాణ, తీసివేతను ఫెడాణ అని కూడా అనే మాకు, పుస్తకంలోని "శేషమెంత" అన్న మాటే పరాయిది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా ఇది! మేస్టారు లెక్కను మా మాటల్లోకి దింపి చెప్పించాకే అంకెలు రాయనిచ్చేవారు. "ఎక్కువ" అని కనిపిస్తే కలపాలి, "తక్కువ" అంటే తీయాలి అనే కిటుకులు నేర్పడం ఆయనకు సుతరామూ నచ్చేది కాదు. ఆయన పక్షమే నాదీను. "నా దగ్గర 12 గోలీలున్నాయి, అవి తమ్ముడి గోలీలకంటే 5 ఎక్కువ" అన్నప్పుడు తమ్ముడివి 17 అని రాసినవాడు ఆ కిటుకును నమ్మినవాడే.

చిన్న రైలు 2004లో ఆగిపోయి, 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ మొదలైంది. మొన్న మా మనవడికి ఆ పాత టెక్కలి లెక్కే ఇస్తే వాడూ 7 అనే రాశాడు. ఇంట్లో చింతపిక్కలు లేక వేరుశెనగ గింజలు పోశాను. లెక్క తేలేలోగా వాడు మూడు నోట్లో వేసుకున్నాడు. వాళ్లు పాతపట్నంలో దిగిపోయారని చెప్పి, చివర − 3 కూడా రాయించాను.