ఈ20 పెట్రోలు: రోజూ తిరిగే బండి, నిలబెట్టిన బండి

బంకులో పోయించుకునే ప్రతి 5 లీటర్ల పెట్రోలులో ఇప్పుడు ఒక లీటరు ఇథనాల్, అంటే పంటల నుంచి తీసే ఆల్కహాలు. 2014లో ఈ కలుపు ఒకటిన్నర శాతం. 2022 జూన్‌కి 10 శాతం అయింది. 2023 ఫిబ్రవరిలో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, అమ్మకం మొదలై, 2025కల్లా దేశం సగటు 20కి చేరింది. దీని గురించి "ఇంజను పోతుంది" అని కొందరు, "ఏమీ కాదు" అని కొందరు. రెండు మాటలూ బండిని చూడకుండా అంటున్నవే. ఆ బండి ఏ ఏటిది, ఎన్నాళ్ళు కదలకుండా నిలబడింది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు జవాబు దొరుకుతుంది.

ముందు మైలేజీ సంగతి. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. కాబట్టి ఈ20లో శక్తి అచ్చమైన పెట్రోలు కన్నా 7 శాతం దాకా తక్కువ. ఇదివరకు పోయించుకున్న ఈ10 కన్నా మూడున్నర శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక కూడా పాత కార్లకు 6-7 శాతం, పాత బైకులకు 3-4 శాతం, ఈ20కి ట్యూన్ చేసిన కార్లకు 1-2 శాతం తగ్గుదల ఉంటుందని చెప్పింది. లీటరుకు 50 ఇచ్చే బైకు నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే 12 లీటర్లు తాగుతుంది. మైలేజీ 4 శాతం తగ్గితే పన్నెండున్నర. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు 54 రూపాయలు ఎక్కువ. లీటరుకు 15 ఇచ్చే పాత కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, 6 శాతం తగ్గుదలకు నాలుగు లీటర్ల పైన, అంటే 450 రూపాయల దాకా పడుతుంది. 50 ఇచ్చే బండి 40కి పడిపోయిందంటే మాత్రం అది ఇథనాల్ ఒక్కదాని పని కాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, పట్టేసిన బ్రేకు, జారుతున్న క్లచ్ చూడాల్సిందే.

దీనికి బదులుగా వచ్చే లాభం ఆక్టేన్, అంటే ఇంధనం ఇంజనులో అదుపు తప్పి మండకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. మామూలు పెట్రోలు 91 అయితే ఈ20 ప్రమాణం 95. ఎత్తు ఎక్కేటప్పుడు, ఎండలో ఇద్దరితో బరువుగా వెళ్ళేటప్పుడు ఇంధనం అలా మండి వచ్చే టకటక శబ్దం, నాకింగ్, తగ్గుతుంది. కంప్రెషన్ ఎక్కువున్న, ప్లగ్గు నిప్పురవ్వ వేసే టైమింగును తనంతట తాను ముందుకు జరుపుకోగల కొత్త ఇంజను దీన్ని వాడుకుంటుంది. టైమింగు మారని పాత 100 సీసీ బండికి ఆ 95 వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ బాగా తగ్గడం మాత్రం అన్ని బండ్లకూ వర్తించే మంచే.

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ ఉన్న బండ్ల దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ ప్రమాణం రాక ముందు అమ్మిన బైకులు, స్కూటర్లలో ఎక్కువ భాగం ఇవే. పెట్రోలు పూర్తిగా మండాలంటే, బరువు లెక్కన, ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. ఈ20కి పదమూడున్నర దగ్గర. కంప్యూటర్ లెక్కతో ఇంధనం చిమ్మే ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఇది కనిపెట్టి ఇంధనం పెంచుతుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్ రంధ్రం ఎంతో అంతే. అందుకని మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై పలచబడుతుంది. పొద్దున స్టార్టింగు కష్టం, యాక్సిలరేటర్ తిప్పగానే ఒక క్షణం ఆగినట్టవడం, వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్ శబ్దం, ప్లగ్గు కొన గోధుమరంగు పోయి తెల్లబడటం, ఇవన్నీ దాని గుర్తులే. ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలు కన్నా రెండింతలకు పైగా వేడి లాక్కుంటుంది కాబట్టి చలికాలంలో చోక్ ఇంకాస్త ఎక్కువసేపు పట్టాలి.

సర్దుబాటు ఇలా. ఇంజను వేడెక్కాక, ఐడిల్ మీద, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా, కార్బొరేటర్‌కుండే మిక్స్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పి చూడాలి. ఏ వైపు అన్నది స్క్రూ ఉన్న చోటును బట్టి ఉంటుంది. స్క్రూ ఇంజను వైపు ఉంటే అది ఇంధనాన్ని అదుపు చేస్తుంది, విప్పితే చిక్కబడుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని అదుపు చేస్తుంది, బిగిస్తే చిక్కబడుతుంది. ఇది చూడకుండా తిప్పితే పలచగా ఉన్నది ఇంకా పలచబడుతుంది. ఐడిల్ కుదిరినా మధ్య వేగంలో తడబడుతుంటే, జెట్‌లో పైకీ కిందికీ ఆడే సూది (నీడిల్) క్లిప్పు గాడులున్నదైతే క్లిప్పును ఒక గాడి కిందికి వేస్తే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పూర్తి వేగంలో కూడా లాగకపోతేనే మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి. ముందే జెట్ మార్చేయడం మంచిది కాదు. పలచబడ్డ మిశ్రమంతో హైవే మీద గంటల తరబడి పరిగెత్తించడమే ఇంజనుకు చేటు, వేడి పెరిగేది అక్కడే.

ఇంజెక్షన్ కారు కాస్త పాతదైతే, కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌తో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంధనాన్ని అది ఎంత శాతం సర్దుతోందో, చూడండి. మిగతావన్నీ బాగుండి అది ప్లస్ 10 లోపు ఉంటే సెన్సర్ తన పని తాను చేసుకుంటున్నట్టే. అంతకు మించి పెరుగుతూ పోయి మిశ్రమం పలచబడిందని చెప్పే పీ0171 కోడ్ వస్తే తప్పంతా ఇథనాల్ మీదికి తోయకండి. ఇంటేక్‌లో గాలి లీకు, మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టర్, నీరసపడ్డ పంపు ముందే ఉండి ఉంటాయి. ఇథనాల్ వాటిని బయటపెట్టింది, అంతే.

ఇక రబ్బరు సామాను. ఈ20కి తట్టుకునే పదార్థాలతో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందే ఆ ఏర్పాటు చేసిన కంపెనీలూ ఉన్నాయి కాబట్టి ట్యాంకు మూత దగ్గర స్టిక్కరు, మాన్యువల్ చూడాలి. అంతకన్నా పాతవాటిలో ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) గాస్కెట్, ట్యాప్ లోపలి వాషరు, ఓ రింగులు ఉబ్బుతాయి. బండి ఆగి ఆరిపోయాక కుంచించుకుని కారతాయి. మెకానిక్ షాపుల్లో మీటరు లెక్కన కోసిచ్చే పారదర్శక పైపు పసుపెక్కి కర్రలా బిగుస్తుంది. దాని బదులు ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్న పైపు వేయించుకోండి. పెట్రోలు పైపు లీకు అంటే మంట ప్రమాదం, ఈ ఒక్క చోట పొదుపు చూడకండి. ఇంకో సంగతి: ఇథనాల్ మంచి ద్రావకం. పదేళ్ళుగా ట్యాంకు గోడలకు అంటుకున్న జిగురును, తుప్పును ఊడదీసి ఫిల్టర్‌లోకి, జెట్‌లోకి తోస్తుంది. అందుకే పాత బండిలో మొదటి రెండు మూడు ట్యాంకులు అయ్యాక ఫిల్టర్ మార్చాలి.

అన్నిటికన్నా పెద్ద సమస్య నీళ్ళు. ఇథనాల్ కలపని పెట్రోలులో నీళ్ళు పడితే అడుగున చిన్న బుడగలా ఉండేవి, తీసేస్తే సరిపోయేది. ఇథనాల్ నీళ్ళను తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి చెమ్మ అయితే అలాగే కాలిపోతుంది, మేలే. హద్దు దాటితే వ్యవహారం తిరగబడుతుంది. ఈ10లో 10 లీటర్లకు సుమారు 50 మిల్లీలీటర్ల దగ్గర ఆ హద్దు ఉంటుంది. ఈ20 ఇంకొంచెం ఎక్కువే ఓర్చుకుంటుంది. చలి పెరిగితే ఓర్పు తగ్గుతుంది. హద్దు దాటగానే నీళ్ళు ఒక్కటే కిందికి దిగవు, ఇథనాల్‌ను కూడా పట్టుకుని దిగుతాయి. అంటే పడింది పావు లీటరు నీళ్ళే అయినా అడుగున ఇంజనును నడపలేని ద్రవం లీటరుకు పైగా చేరవచ్చు. పంపు పీల్చేది అడుగునుంచే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ కూడా తగ్గిపోతుంది. కొత్త పెట్రోలు కలిపితే ఇది బాగుపడదు. ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి. కారైతే పదే పదే సెల్ఫ్ కొట్టకుండా టోయింగ్ చేయించుకోవాలి.

గాల్లో తేమ రాత్రికి రాత్రి ట్యాంకులో చేరిపోదు. మూత సరిగ్గా ఉంటే దానికి నెలలు పడుతుంది. నీళ్ళు వచ్చేది వానలోంచి, వాటర్ వాష్ పైపులోంచి. బైకు ట్యాంకు మూత చుట్టూ ఉండే గుంటలో చిన్న డ్రెయిన్ రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడితే నీళ్ళు నిలిచి, రబ్బరు పాతబడిన మూత సందుల్లోంచి లోపలికి జారతాయి. వానాకాలం ముందు సన్నని తీగతో ఆ రంధ్రం శుభ్రం చేసుకోవడం రెండు నిమిషాల పని.

ఇథనాల్ శాతం తెలుసుకోవాలంటే 100 మిల్లీలీటర్ల గాజు కొలజాడీ చాలు. ఆరుబయట, నిప్పు దరిదాపుల్లో లేని చోట, 10 గీత దాకా నీళ్ళు పోసి, 100 దాకా పెట్రోలు నింపి, మూసి బాగా ఊపి పది నిమిషాలు ఉంచండి. నీళ్ళలో ముందే చుక్క మిఠాయి రంగు వేస్తే గీత స్పష్టంగా కనబడుతుంది. కింది పొర 28 దగ్గరికి వస్తే, 90లో 18, అంటే 20 శాతం. ఒకటి రెండు గీతల తేడా ఉంటుంది. ఆ నీళ్ళ పెట్రోలును మళ్ళీ ట్యాంకులో పోయకండి.

ధర విషయంలో నా అభిప్రాయం గట్టిది. బ్రెజిల్‌లో 1975 నుంచి ఇథనాల్ పథకం ఉంది, 2003 నుంచి ఏ కలుపుకైనా సర్దుకునే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లున్నాయి. అక్కడ ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటే ఇథనాల్, దాటితే పెట్రోలు అని బంకులోనే లెక్క వేసుకుంటారు. మనకు ఆ ఎంపిక లేదు. శక్తి తక్కువ కాబట్టి ఈ ఇంధనాన్ని చౌకగా ఇవ్వాలని, పాత బండ్ల కోసం ఈ10 ఉంచాలని నీతి ఆయోగ్ నివేదికే అంది. ఆ రెండూ జరగలేదు. చమురు సంస్థలు మొక్కజొన్న ఇథనాల్‌ను 2024-25లో లీటరు 71 రూపాయల 86 పైసలకు కొన్నాయి, కాబట్టి చౌక సరుకు కలిపి లాభం తీస్తున్నారన్న మాటా నిలవదు. చమురు దిగుమతి తగ్గడం, రైతుకు ధర రావడం నిజమైన లాభాలు. అదే మొక్కజొన్న కోళ్ళ దాణాలో సగానికి పైగా ఉంటుంది కాబట్టి దాని ధర పెరుగుదల గుడ్డు ధర మీద పడటమూ నిజమే. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని ఊళ్ళు రోడ్డెక్కాయి. ఆ జనం భయపడింది తమ నీళ్ళ గురించి, గాలి గురించి. బండి మైలేజీ లెక్కతో పాటు ఆ లెక్కా వేయాలి.

నిలబెట్టే బండి దగ్గరికి వస్తే, పండక్కి వచ్చినప్పుడే తీసే ఊళ్ళోని బైకు, విదేశాల్లో ఉండేవాళ్ళు వదిలి వెళ్ళిన కారు ఎక్కువ దెబ్బ తింటాయి. కార్బొరేటర్ బండి నెల పైన ఆపాలంటే ట్యాప్ మూసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, ఫ్లోట్ చాంబర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలింది కార్చేయాలి. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంకు నింపి, గాలికి ఎక్కువ చోటు లేకుండా ఆపాలి. రెండు వారాలకోసారి ఎవరినైనా పావుగంట సేపు నడపమనాలి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీళ్ళు చేరడం తప్ప ఉపయోగం లేదు. ఆరు నెలలు దాటేట్టయితే ఇనప ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి. మళ్ళీ తీసే రోజున ట్యాంకు అడుగునుంచి ఒక గ్లాసు పెట్రోలు గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి. మధ్యలో గీత కనిపించినా, మబ్బుగా ఉన్నా సెల్ఫ్ ముట్టుకోకండి.