నాన్న చేతికి కట్టిన ముడి

నాన్నకి బైపాస్ అయిన రెండో రాత్రి, పదకొండు దాటాక, ఐసీయూ నర్సు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. పైన ‘ఫిజికల్ రెస్ట్రెయింట్ కన్సెంట్’ అని ఉంది. "ట్యూబులు లాగేసుకుంటున్నారండీ, ఇది మామూలే" అంది. అమ్మ నా భుజం మీదుగా చూస్తూ "ఏం రాశారురా?" అని అడిగింది.

రెస్ట్రెయింట్ అంటే నాకు తెలిసిన అర్థం సంయమనం. ఎక్కడైనా గొడవలు జరిగితే ‘ఇరువర్గాలూ సంయమనం పాటించాలి’ అని పేపర్లో రాస్తారే, అది. "నాన్న కదలకుండా చూసుకుంటారటమ్మా" అని చెప్పి సంతకం చేసేశాను.

పొద్దున్నే లోపలికి పంపారు. నాన్న రెండు మణికట్లకీ మెత్తటి నీలం పట్టీలు, వాటి తాళ్లు మంచానికి కట్టి ఉన్నాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం దుప్పటి అంచుని తడుముతూనే ఉంది. నన్ను చూడగానే "దూడ విడిపోయిందిరా, పాలన్నీ తాగేస్తుంది. తలుగు వెయ్యి. నా చేతులెవరో కట్టేశారు" అన్నారు. మా ఇంట్లో గేదెలు లేక ఇరవై ఏళ్లు.

బయటికొచ్చి ఫోన్లో నిఘంటువు తీశాను. లాటిన్‌లో రెస్ట్రెయింట్ అనే మాటకి మూలార్థం వెనక్కి లాగి బిగించడం. స్ట్రిక్ట్ అనే మాట కూడా ఆ వేరు నుంచే వచ్చింది. కారు స్టీరింగ్ మీద కనిపించే ఎస్ఆర్ఎస్‌లో నడిమి అక్షరం కూడా ఇదే: సప్లిమెంటల్ రెస్ట్రెయింట్ సిస్టమ్. సీటు బెల్టు మనిషిని పట్టి ఆపుతుంది, ఎయిర్‌బ్యాగ్ దానికి తోడు. కోపాన్ని ఆపుకున్నా రెస్ట్రెయింటే, మనిషిని మంచానికి కట్టినా రెస్ట్రెయింటే. తెలుగులో అలా కాదు. సంయమనం ఎవరికి వాళ్లు పాటించేది, కట్టేయడం ఇంకొకరు చేసేది. రాత్రి ఆ కాగితం మీద ‘చేతులు కట్టేస్తాం’ అని ఉంటే సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ణి.

అవే ప్రశ్నలు డ్యూటీ డాక్టర్‌ని అడిగాను. ఎందుకు కట్టారు, ఎంతసేపు ఉంచుతారు, కట్టకుండా కుదరదా? ఆవిడ ఓపిగ్గా కూర్చుని చెప్పారు. నాన్న ఇలా అయోమయంగా మాట్లాడటాన్ని డెలీరియం అంటారట. పెద్ద ఆపరేషన్ తర్వాత వయసు మళ్లినవాళ్లలో తరచూ వస్తుంది, రాత్రిళ్లు ముదురుతుంది. ఆ అయోమయంలో మెడ దగ్గర రక్తనాళంలోకి పెట్టిన గొట్టం పీక్కుంటే రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అలాగని కట్టడం వల్ల కంగారు ఇంకా పెరగొచ్చు కూడా. "ఆయనకి కళ్లజోడు, వినికిడి మిషను ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

రెండూ ఉన్నాయి. ఆపరేషన్ రోజు తీసిచ్చినవి అప్పట్నుంచీ ప్లాస్టిక్ కవర్లో, నా సంచిలోనే ఉన్నాయి. మూడు రోజులుగా నాన్నకి సరిగా కనిపించలేదు, వినిపించలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

అవి పెట్టాక, అమ్మని రోజూ కొంతసేపు పక్కన కూర్చోనిచ్చారు. ఆవిడ ఉన్నంతసేపూ పట్టీలు విప్పి ఉంచేవారు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలని, తాడు మంచం ఫ్రేముకే కట్టాలి తప్ప పక్క కమ్మీకి కట్టకూడదని నర్సు చూపించింది. కమ్మీ దించితే చెయ్యి గుంజుకుపోతుందట. ముడి కూడా కొస లాగితే ఒక్కసారే ఊడొచ్చేలా వేస్తారు, పలుపుకి నాన్న వేసే ముడిలాగే.

ఆ కాగితం మీద మర్నాడు రాత్రి మళ్లీ సంతకం కావాలన్నారు. ఈసారి ముందు అమ్మకి చెప్పాను, "రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి చేతులు కడతారట, పొద్దున నువ్వు రాగానే విప్పుతారు" అని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, పెట్టు" అంది.

పొద్దున్నే లోపలికెళ్లి, నర్సుని అడిగి, ఆ కొస అమ్మే లాగింది.