ప్రిజం పట్టుకునే కుర్రాడు

ఎమిరేట్స్‌లో రైలు ఉందంటే మా శ్రీకాకుళం జిల్లా కంచిలి, సోంపేట వైపు ఇప్పటికీ చాలామంది నమ్మరు. ఉంది. 2016లో షా, హబ్షాన్ గ్యాస్ క్షేత్రాల నుంచి రువైస్ రేవుకి గంధకం మోయడంతో మొదలైంది. 2023కల్లా సౌదీ సరిహద్దులోని గువైఫాత్ నుంచి హజర్ కొండలు తొలుచుకుంటూ ఫుజైరా దాకా కలిసిపోయింది. మొత్తం దాదాపు 900 కిలోమీటర్లు. నేను ఆ పట్టాల పక్కన సర్వే పని చేస్తాను.

సెలవుకి ఊరొస్తే పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఆ పట్టాలు మనవాటంత వెడల్పేనా?" అని. కాదు, అక్కడ 1435 మిల్లీమీటర్లు, మన మెయిన్ లైను 1676. నౌపడా-గుణుపూరు చిన్న బండి తిరిగిన రోజుల్లో అది 762. వాళ్లకి ఆ మూడో అంకె చెబితే ముఖం వెలుగుతుంది.

కుర్రాళ్ల ప్రశ్న వేరు. "అన్నయ్యా, సర్వే హెల్పర్ అంటే ఏం చెయ్యాలి? వీసా వచ్చింది, వెళ్లమంటావా?" ఉద్దానం నుంచి ఏటా వెళ్లేవాళ్లలో వెల్డర్లు, రిగ్గర్లతో పాటు ఈ హెల్పర్లూ ఉంటారు. ఊళ్లో ఏజెంటు "కర్ర పట్టుకుని నిలబడటమే" అని చెప్పి పంపిస్తాడు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది.

పట్టా కొలత వరకు ట్రాలీ చూసుకుంటుంది. పట్టాల మీద నెడుతూ పోతే వెడల్పు, వంపులో ఒక పట్టా రెండోదానికన్నా ఎంత ఎత్తుందో అదే రాసుకుంటుంది. దాని మీదున్న ప్రిజాన్ని, అంటే కాంతిని వెనక్కి పంపే గాజు ముక్కని, టోటల్ స్టేషన్ అనే కొలత మిషన్ దూరం నుంచి వెంటాడుతూ ఉంటుంది. కానీ పట్టా పక్కన ఉన్నవన్నీ? సిగ్నల్ స్తంభం, సిగ్నల్ వైర్లుండే లొకేషన్ బాక్స్, రైలు దారి మార్చే పాయింట్ మెషీన్, కల్వర్టు, కేబుళ్లు పోయే కాలువ, ఒంటెలు లోపలికి రాకుండా వేసిన కంచె. వీటిలో చాలావాటి దగ్గరికి మనిషే నడిచి వెళ్లి, ప్రిజం బిగించిన పోల్ మొన ఆనించి, పైన ప్రిజం కదలకుండా పట్టుకోవాలి.

పోల్ ఎత్తు రెండు మీటర్లు అనుకోండి. ఒక్క డిగ్రీ వాలితే చాలు, పైన ప్రిజం 35 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. మిషన్ ఎన్ని లక్షలదైనా అది ప్రిజం ఉన్నచోటునే చూస్తుంది, మొన ఉన్నచోటుని కాదు. పోల్‌కి ఉన్న చిన్న గుండ్రటి బుడగ మధ్యలో నిలిచిందా లేదా అన్నది ఆ కుర్రాడి చేతుల్లోనే ఉంది. నాతో పనిచేసిన సోంపేట కుర్రాడొకడు పొద్దున్నే ముందు ఆ బుడగనే పరీక్షించేవాడు. పోల్ నిలబెట్టి, బుడగ మధ్యకి తెచ్చి, పోల్‌ని సగం చుట్టు తిప్పేవాడు. బుడగ జరిగితే దానికే సరిచెయ్యడం కావాలని అర్థం. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాడు. వాడు "కొట్టన్నా" అన్నాకే నేను రీడింగ్ తీసేవాణ్ణి. వాడి మాట మీద నాకు అంత నమ్మకం.

ఆ నమ్మకం ఎందుకు అవసరమో చెప్తాను. పట్టాల మధ్య స్లీపర్ల మీద పసుపు పచ్చ పలకలు బిగించి ఉంటాయి, వాటిని బలీస్ అంటారు. రైలు పైనుంచి పోతూ ఆ పలక నంబరు చదువుకుని తాను ఎక్కడున్నానో సరిచూసుకుంటుంది. ఎక్కడ వేగం తగ్గించాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. పలక ఒకచోట ఉండి మ్యాప్‌లో ఇంకోచోట ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది. అలాంటి పనిని కర్ర పట్టుకోవడం అంటే ఎలా?

ఎండ సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు. అసలు ఆ వేళకి మిషన్‌లో చూసినా దూరం ప్రిజం వేడికి వణుకుతూ కనిపిస్తుంది, మంచి రీడింగ్ రాదు. అందుకే మిగతా కొలతలన్నిటికీ ఆధారమైన కంట్రోల్ పాయింట్ల పని తెల్లవారుజామునే ముగిస్తాం. ఉద్దానం వాళ్లకి కిడ్నీ భయం ఇంటింటా తెలుసు. మా కుర్రాళ్లకి నేను రోజూ మొదట చెప్పేది నీళ్ల గురించే.

ఇంకో సంగతి చెబితే కుర్రాళ్లు ఆసక్తిగా వింటారు. కొలతల కోసం ప్రపంచ మ్యాపుని ఆరు డిగ్రీలకొకటి చొప్పున జోన్లుగా కోస్తారు, ఒక్కో జోనులో లెక్క మళ్లీ మొదలవుతుంది. 54 డిగ్రీల తూర్పు రేఖ మా లైను మీద, అబుదాబికి కాస్త పడమరగా పోతుంది. అది దాటగానే తూర్పు వైపు దూరం చెప్పే కొలత ఎనిమిది లక్షల మీటర్ల పైచిలుకు నుంచి ఒక్కసారి రెండు లక్షల లోపుకి పడిపోతుంది. కొత్తవాడికి టెన్షన్. అలాంటిదే 84 డిగ్రీల రేఖ మన జిల్లాలో ఆమదాలవలస దాటాక, కోటబొమ్మాళి రాకముందు మెయిన్ లైనుని కోస్తుంది. రోజూ ప్యాసింజర్‌లో దాని మీదుగా పోయేవాళ్లమే.

నా బాధ ఒకటే. బుడగ పరీక్షించిన ఆ సోంపేట కుర్రాడు రెండో ఏడాదికే మిషన్ సెట్ చెయ్యడం, పాయింట్లు డ్రాయింగులోకి ఎక్కించడం నేర్చేసుకున్నాడు. కంపెనీ సర్టిఫికెట్‌లో మాత్రం "హెల్పర్" అనే రాసింది, ఎందుకంటే వీసాలో అదే ఉంది. ఎంత బతిమాలినా మార్చలేదు. ఇంకో కంపెనీకి పోతే మళ్లీ హెల్పర్ జీతమే. పని నేర్చుకున్నది ఏ కాగితం మీదా లేకపోతే ఆ కష్టమంతా ఏమైనట్టు?

అందుకని ఇప్పుడు అడిగినవాళ్లకి ఇలా చెప్తున్నాను. పది పాసైన సర్టిఫికెట్ చూపించి ఈసీఆర్ ముద్ర (విదేశీ పనికి ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర) లేని పాస్‌పోర్ట్ తీసుకోండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. వీసాలో ఉద్యోగం పేరు ఏం రాశారో డబ్బు కట్టకముందే చదివించుకోండి. అక్కడికి వెళ్లాక మిషన్ ముట్టుకునే అవకాశం అడిగి తీసుకోండి, చేసిన పని వివరంగా రాసిన లెటర్ మీ పై సర్వేయర్ దగ్గర సంతకంతో తీసుకోండి. నేను నా కుర్రాళ్లకి రాసిస్తున్నాను.

మన రైల్వేలో రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ కోసం ఇలాగే పట్టాల మధ్య ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, అంటే రైలు రేడియోతో చదువుకునే పలకలు, బిగిస్తున్నారు. వాటికీ ఒక్కోదానికి చోటు కొలవాలి, నంబరు రాయాలి. ఈ సెలవులో మా వీధి కుర్రాళ్లు ఇద్దరు డిప్లొమా సివిల్ వాళ్లు వచ్చి అడిగారు. వాళ్లని గల్ఫ్ వెళ్లమనలేదు. ముందు టోటల్ స్టేషన్, ఆటోక్యాడ్ గట్టిగా నేర్చుకుని ఇక్కడి సర్వే కాంట్రాక్టుల్లో చేరమన్నాను. పోల్ నిలబెట్టడం మాత్రం నేనే మా పెరట్లో చూపించాను. పోల్ లేదు కాబట్టి వెదురు కర్రకి వడ్రంగి లెవెల్ కట్టి.