ఆ భాగహారానికి నేను పెట్టిన ఇంటూ

లెక్కల టీచర్‌గా విదేశానికొచ్చి ఆరేళ్లయింది, మొదటి టర్మ్‌లో చేసిన ఒక తప్పు మాత్రం ఇంకా మనసులోంచి పోలేదు. రష్యా నుంచి వచ్చిన ఒక బాబు 87ని 6తో భాగించాడు, భాజకం కుడిపక్కన నిలువు గీత అవతల రాశాడు, దాని కింద భాగఫలం 14,5 అని. పైన ఉండాల్సింది కింద ఉంది, పాయింట్ ఉండాల్సిన చోట కామా ఉంది, నేను రెండో ఆలోచన లేకుండా ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టేశా. వాడేం మాట్లాడలేదు, మాట్లాడ్డానికి ఇక్కడి భాష రాదు కదా. మర్నాడు పాత నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అన్నీ అవే భాగహారాలు, అన్నిటికీ టిక్కులు.

చాలా బాధేసింది. ఎందుకంటే అంతకు నెల ముందే నేను బోర్డు మీద లక్షని 1,00,000 అని రాస్తే పిల్లలంతా కామా తప్పు పడింది మిస్ అన్నారు, వాళ్లకి 100,000 మాత్రమే తెలుసు. ఆ అనుభవం ఉండి కూడా బాబుని ఒక్క మాట అడగలేదు.

అప్పట్నుంచీ ముందు "ఎలా చేశావో చూపించు" అంటాను, తర్వాతే పెన్ను తీస్తాను. అలా అడిగితే ఎన్ని తెలుస్తాయో! జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్నట్టు పలుకుతారు, విన్న వరసలో రాస్తే 12 అవుతుంది, దాన్ని లెక్కలు రావు అనేస్తే ఎలా? ఘనపరిమాణం లెక్కలో వాల్యూమ్ అనే మాట చూసి సౌండ్ అనుకుని ఆగిపోయిన పాప ఉంది, బొమ్మ గీసిచ్చాక నిమిషంలో చేసేసింది. ఇంకో అబ్బాయికి ఐడియా అంతా కరెక్టే, అంకెలు వరస తప్పి ఒకట్లు పదుల కిందికి పోతాయి. గళ్ల కాగితం, పేజీకి ఒకే లెక్క, కాస్త ఎక్కువ టైమ్ ఇచ్చాం, అంతే. లెక్క తేలిక చెయ్యలేదు, మిగతావాళ్లకి ఇచ్చిందే ఇచ్చాం (అది నాకు చాలా ముఖ్యం).

ఇప్పుడు మా గోడ మీద ఒకే భాగహారం మూడు రకాలుగా ఉంటుంది, రష్యా పద్ధతి ఆ బాబే రాశాడు. క్లాస్ టెస్టుల్లో ఏ పద్ధతైనా మార్కులిస్తున్నాం, వార్షిక పరీక్షకి ఇంకా ఒప్పుకోలేదు, ఈ టర్మ్ మీటింగ్‌లో మళ్లీ అడుగుతా.