హెచ్ దగ్గర కూర్చున్న ముల్లు: పాత కారు గేజ్‌ల పని ఎక్కడిదాకా వచ్చిందంటే

కారు 1960ల చివరినాటి బ్రిటిష్ తయారీ, నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ కొస కారు బాడీకి కలిసి ఉంటుంది. పేచీ టెంపరేచర్ గేజ్‌తో. ఇంజిన్ వేడెక్కగానే ముల్లు హెచ్ (హాట్, అంటే బాగా వేడి) గుర్తు పక్కకి వెళ్లి అక్కడే కూర్చుంటోంది. చూస్తే రేడియేటర్ పొంగడం లేదు, నీళ్లు తగ్గడం లేదు. థర్మోస్టాట్ హౌసింగ్ మీద మాస్కింగ్ టేప్ ముక్క అంటించి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 85 డిగ్రీల దగ్గర నిలిచింది. టేప్ ఎందుకంటే, మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. మొత్తానికి ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు, అబద్ధమాడుతున్నది గేజే.

ఈ కాలపు కార్లలో ఫ్యూయల్, టెంపరేచర్ గేజ్‌లు రెండింటికీ ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ నుంచి కరెంటు వస్తుంది. బ్యాటరీ వోల్టేజ్ ఎంత మారినా గేజ్‌లకి ఒకే స్థాయిలో ఇవ్వడం దాని పని. అందుకని పాత మెకానిక్‌ల లెక్క ఒకటుంది: రెండు గేజ్‌లూ కలిసి తప్పు చూపిస్తే స్టెబిలైజర్‌ని చూడు, ఒక్కటే తప్పు చూపిస్తే దాని సెండర్‌నీ (వేడినో పెట్రోలు మట్టాన్నో బట్టి రెసిస్టెన్స్ మార్చుకుంటూ గేజ్‌కి కబురందించే భాగం) వైరునీ చూడు. నా కారులో ఫ్యూయల్ గేజ్ బాగానే ఉంది. ట్యాంకు నింపితే ఫుల్ దగ్గరికే వస్తోంది. ఆ లెక్కన టెంపరేచర్ సెండర్ మార్చేస్తే సరిపోవాలి.

సెండర్ ఊడదీసి, మల్టీమీటర్ తగిలించి, వేడినీళ్లలో ముంచి చూశాను. చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ నున్నగా దిగుతోంది. ఎక్కడా గెంతడం లేదు. ఇలాంటి సెండర్‌ని పారేయబుద్ధి కాలేదు.

దారి చూపించింది ఫ్యూయల్ ముల్లే. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచితే ఒకచోట నిలుస్తోంది. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే ఒకట్రెండు నిమిషాల్లో మెల్లగా పైకి జరుగుతోంది. హెడ్‌లైట్లు వేసి ఐడిల్‌లో వదిలితే మళ్లీ దిగుతోంది. ట్యాంకులో పెట్రోలు పెరగదు కదా! బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు ఉన్నప్పుడు ఒక మాట, 13.9 ఉన్నప్పుడు ఇంకో మాట చెప్తోందంటే, మధ్యలో స్టెబిలైజర్ అన్నది పని చేయడం లేదన్నమాట.

స్టెబిలైజర్ సంగతి

డ్యాష్‌బోర్డ్ వెనక చిన్న రేకు డబ్బా. బీ అని ఉన్న టెర్మినల్‌కి బ్యాటరీ కరెంటు వస్తుంది, ఐ అని ఉన్నదాని నుంచి గేజ్‌లకు వెళ్తుంది. లోపల ఉండేది ఒక బైమెటల్ పట్టీ (రెండు లోహాలు అతికించినది, వేడికి వంగుతుంది), దానికి చుట్టిన హీటర్ తీగ, ఒక జత కాంటాక్టులు. పట్టీ వేడెక్కి వంగితే కాంటాక్టు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. ఇలా ఆగి ఆగి వెళ్లే కరెంటు సగటున 10 వోల్టులతో సమానం. గేజ్ లోపల ఉన్నదీ వేడికి వంగే పట్టీయే, దాని కదలికే నిదానం కాబట్టి ముల్లు వణకదు.

ఇక్కడ డిజిటల్ మీటర్ పెడితే అంకెలు గంతులేస్తాయి, ఏమీ అర్థం కాదు. ముల్లున్న పాత మీటరో, చిన్న టెస్ట్ ల్యాంపో మేలు. ఐ టెర్మినల్‌కి ల్యాంప్ పెడితే ఆరుతూ వెలుగుతూ ఉండాలి. నాది కదలకుండా నిండుగా వెలిగింది. కాంటాక్టులు అతుక్కుపోయాయేమో అనుకునేలోపు, డబ్బా రేకుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ చూశాను. సున్నా ఉండాల్సిన చోట దాదాపు 12 వోల్టులు!

అంటే డబ్బాకి ఎర్త్ లేదు, కారు బాడీతో కలవడం లేదు. హీటర్ తీగ రెండో కొస డబ్బా రేకుకే ఉంటుంది, అక్కణ్నుంచి బిగించిన స్క్రూ ద్వారా బాడీకి వెళ్లాలి. ఆ దారి తెగితే తీగ వేడెక్కదు, పట్టీ వంగదు, కాంటాక్టు ఎప్పటికీ విడిపోదు. బ్యాటరీ వోల్టేజ్ అంతా నేరుగా గేజ్‌లకే. 10కి బదులు 13.9 వెళ్తే వేడి దాదాపు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే అది వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

స్క్రూ తీస్తే కింద చక్కటి కొత్త పెయింట్ పొర. ఎప్పుడో డ్యాష్ ప్యానెల్‌కి రంగు వేసినవాళ్లు దాని మీదే డబ్బాని బిగించేశారు. బ్యాటరీ తీసేసి, ఎమరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాను. నమ్మకం చాలక స్క్రూ కిందే రింగ్ టెర్మినల్ పెట్టి విడిగా ఒక ఎర్త్ వైరు కూడా లాగాను. మళ్లీ తాళం తిప్పితే ల్యాంప్ కొన్ని సెకన్లు నిండుగా వెలిగి, ఆ తర్వాత మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది.

టెంపరేచర్ ముల్లు బుద్ధిగా మధ్యకి వచ్చింది. ఫ్యూయల్ ముల్లు మాత్రం నిండు ట్యాంకుతో సగం దాటి కాస్త పైన ఆగిపోయింది.

ట్యాంకు వైపు

గేజ్‌ని సెండర్ లేకుండా పరీక్షించాను. ఈ రకం స్మిత్స్ కంపెనీ గేజ్‌లకి సెండర్ వైపు నుంచి ఖాళీ దగ్గర సుమారు 240 ఓమ్‌లు, సగానికి 68, నిండుకి 20 చిల్లర. సెండర్ వైరు విప్పి, ఆ విలువల ఒక వాట్ రెసిస్టర్లు ఒక్కొక్కటే ఎర్త్‌కి కలిపి, ప్రతిసారీ ముల్లు స్థిరపడేదాకా ఆగాను. మూడూ సరిగ్గా వచ్చాయి. వైరుని నేరుగా ఎర్త్‌కి తాకించి చూసే అలవాటు చాలామందికి ఉంది. క్షణం పాటైతే ఫరవాలేదు, ఎక్కువసేపు ఉంచితే గేజ్‌లోని తీగ కాలిపోయే ప్రమాదం ఉంది. రెసిస్టర్లతో పోయేదానికి అంత సాహసం దేనికి?

ఇక తప్పు ట్యాంకులోని సెండర్‌దే. ట్యాంకులోని పెట్రోలుని సెండర్ మట్టానికి కిందికి దించి, బ్యాటరీ విప్పి, ఆరుబయట, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. సెండర్‌ని ట్యాంకుకి పట్టి ఉంచే లాక్ రింగ్‌ని ఇనుప ఉలితో కొట్టకూడదు, నిప్పురవ్వ వస్తుంది. ఇత్తడి కడ్డీ పెట్టి మెల్లగా తడితే తిరిగింది.

చేతిలోకి వచ్చాక కథంతా కనపడింది. ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డి) కడ్డీ మీద రెండు చోట్ల ప్లయర్ పళ్ల గాట్లు, వాటి మధ్య వంపు. స్టెబిలైజర్ చెడి ముల్లు నిండుని దాటి పోతుంటే, ఎవరో కడ్డీ వంచి దాన్ని కిందికి లాగారు. ఒక తప్పుకి ఇంకో తప్పు ఆసరా. అందుకే ఫ్యూయల్ గేజ్ మంచిదనిపించుకుంది, పాత లెక్క నన్ను టెంపరేచర్ సెండర్ చుట్టూ తిప్పింది.

కడ్డీని రెండు ప్లయర్లతో పట్టి సరిచేశాను. ఒక్కదానితో వంచితే ఆ బలమంతా లోపలి తీగ మీద జారే కాంటాక్టు మీద పడుతుంది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడు లేదు. చేత్తో కడ్డీని కిందినుంచి పైకి జరిపితే 243 నుంచి 22 ఓమ్‌ల దాకా మధ్యలో తెగకుండా దిగింది. కొత్త రబ్బరు సీల్ వేసి బిగించాను.

స్టెబిలైజర్ బదులు స్థిరంగా 10 వోల్టులు ఇచ్చే 7810 చిప్ వేయాలన్న ఆలోచనా వచ్చింది. దానికి ముందు 0.33, వెనక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చాలు. పాజిటివ్ ఎర్త్ కారైతే దాని నెగటివ్ జోడు 7910 కావాలి. కానీ చిప్‌కి తలపైన సుమారు రెండు వోల్టుల మిగులు ఉండాలి, బ్యాటరీ 11.8కి జారితే అదీ తడబడుతుంది. ఉన్నది పనిచేస్తున్నప్పుడు మార్చడం నాకిష్టం లేదు.

ఇప్పుడు ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడ ఆగుతోందో గుర్తులు పెట్టుకుంటున్నాను. నిండు దగ్గర సరిగ్గా ఉంది, సగం దగ్గర వెంట్రుకవాసి తక్కువ. ఖాళీ గీత మీదికి వచ్చేసరికి ఇంకా ఐదారు లీటర్లు మిగులుతున్నాయి. దాన్ని అలాగే వదిలేస్తున్నాను.