3 మిల్లీమీటర్ల ముక్క నేర్పిన చదువు

ఈరోజుతో కలినరీ ఆర్ట్స్, అంటే వంట నేర్పే కోర్సు, మొదటి ఏడాది అయిపోయింది. మొదటి వారమంతా ఒక్క వంటకం కూడా చేయించలేదు, క్యారెట్లు తరగడమే. బ్రునోయిజ్ అంటే అన్ని వైపులా 3 మిల్లీమీటర్లు ఉండే చిన్న ముక్క. ఎందుకింత పట్టుదల అని విసుగొచ్చేది. చిన్నా పెద్దా ముక్కలు కలిపి పెనం మీద వేసిన రోజు చూశాను: కొన్ని మాడిపోయాయి, కొన్ని పచ్చిగానే ఉన్నాయి. అంతే, ఇక అడగలేదు.

ఫుడ్ సేఫ్టీ క్లాసు నన్ను బాగా మార్చింది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. చికెన్ లోపల 74 డిగ్రీలు వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడందే ఇప్పుడు నాకు మనసొప్పదు.

"ఇంత చదివి హోటల్లో వంట చేస్తావా?" అని అడుగుతున్నారు. చేస్తే తప్పేముంది, అది గొప్ప పనే. బేకరీ, ఓడలు, విమానాల కేటరింగ్, ఫుడ్ స్టైలింగ్ (ఫొటోల కోసం వంటకాల్ని అందంగా అమర్చడం), కొత్త ఆహార పదార్థాలు తయారుచేసే ల్యాబ్‌లు కూడా ఉన్నాయి. నా మనసు మాత్రం ఆసుపత్రి కిచెన్ మీదే ఉంది. మింగలేని రోగికి పెట్టే మెత్తని భోజనంలోనూ రుచి ఉండాలి కదా. వచ్చే నెల ఇంటర్న్‌షిప్ అక్కడే. కొంచెం టెన్షన్‌గా ఉంది, చాలా సంతోషంగా కూడా ఉంది.